‘ఆవే మారిస్ స్తెల్లా’ నుంచి మొదలుపెట్టండి: పునరుజ్జీవన కాలపు లాటిన్ స్తుతిగీతాలు వినడానికి, పాడటానికి మార్గదర్శి

15, 16 శతాబ్దాల యూరప్ చర్చి సంగీతాన్ని కొత్తగా విన్నవారు చాలామంది ఒకే మాట అంటారు: బాగుంది, కానీ ఎక్కడ మొదలైందో, ఎక్కడికి పోతోందో తెలియలేదు. నాలుగైదు గొంతులు వేర్వేరు వేళల్లో అందుకుంటాయి, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, తాళం చేతికి చిక్కదు. దీన్ని నిద్రపట్టడానికి పనికొచ్చే ప్రశాంత సంగీతంగా పేర్చి ఇచ్చే జాబితాలు ఇంటర్నెట్‌లో కొల్లలు. రాసినవారికి అంతకన్నా అన్యాయం ఉండదని నా అభిప్రాయం. ఆ కూర్పుల్లో ఏ స్వరమూ ఊరికే లేదు.

చిక్కంతా ఎక్కడుందంటే, ఆనాటి శ్రోతకు తెలిసిన ఒక విషయం మనకు తెలియదు. స్వరకర్త ఎత్తుకున్న గీతపు అసలు వరుస అతనికి ముందే కంఠస్థం. ఏటా అదే పండుగకు అదే వరుసను విన్నవాడు, పాడినవాడు. బహుస్వర కూర్పు చెవిన పడగానే ఆ వరుస ఏ గొంతులో దాక్కుందో, ఎక్కడ సాగిందో, ఎక్కడ అలంకరణ తొడుక్కుందో పసిగట్టగలడు. కాబట్టి మన దారి కూడా అదే: కూర్పు జోలికి పోకముందే వరుస నేర్చుకోవాలి. ఒక్క గీతాన్ని చివరిదాకా పట్టుకుంటే తక్కినవాటికి తలుపు తెరుచుకుంటుంది.

ఈ మార్గదర్శి ఇద్దరికి ఉద్దేశించింది. ఒంటరిగా వినేవారికి మొదటి మూడు మెట్లు తప్పనిసరి, మిగిలినవి చదివినా చాలు. చర్చి గానబృందంలోనో, స్నేహితుల మధ్యనో ముగ్గురు నలుగురు కలిసి పాడాలనుకునేవారు అన్ని మెట్లూ ఎక్కాలి. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల స్వరలిపి) కాస్త చదవడం వస్తే మేలు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి కొన్నిచోట్ల అదనపు లాభం ఉంది, ఒకటి రెండు చోట్ల అదనపు జాగ్రత్త కూడా అవసరం.

మొదటి మెట్టు: గీతాన్ని ఎంచుకోవడం

లాటిన్‌లో పాడే ప్రతి పవిత్ర రచనా స్తుతిగీతం కాదు. మిస్సా అంటే పూజలో మారకుండా వచ్చే ఐదు భాగాల కూర్పు. మోటెట్ అంటే ఏదో ఒక పవిత్ర పాఠాన్ని మొదటినుంచి చివరిదాకా కొత్త సంగీతంతో నడిపించే రచన. స్తుతిగీతం ఛందోబద్ధమైన పద్యం. దానికి చరణాలుంటాయి, అన్ని చరణాలకూ ఒకే వరుస, చివరి చరణం త్రిత్వ స్తుతి. మఠాల్లో, కథీడ్రళ్ళలో వేళ ప్రకారం జరిగే ప్రార్థనల్లో, ముఖ్యంగా వెస్పర్స్ అనే సాయంకాల ప్రార్థనలో, దానికి స్థానం. ఈ సంప్రదాయానికి పశ్చిమ యూరప్‌లో పునాది వేసినవాడు 4వ శతాబ్దపు మిలాన్ బిషప్ అంబ్రోస్. ఆయన పాదానికి ఎనిమిది అక్షరాలు, చరణానికి నాలుగు పాదాలు పెట్టాడు. లఘువు, గురువు జంటలుగా నడిచే ఛందస్సు అది. మన పద్యాల్లో గురులఘువులు లెక్కపెట్టినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తరువాతి శతాబ్దాల గీతాల్లో గురులఘువుల లెక్క సడలి, అక్షరాల సంఖ్య, ఊనిక మిగిలాయి.

మొదటి గీతంగా ‘ఆవే మారిస్ స్తెల్లా’ను తీసుకోమంటాను. మరియమాత పండుగల వెస్పర్స్ గీతం ఇది. రాసినదెవరో తెలియదు, 9వ శతాబ్దం నాటికే ప్రతి దొరుకుతోంది. పాదానికి ఆరే అక్షరాలు, చరణానికి నాలుగు పాదాలు, మొత్తం ఏడు చరణాలు. దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. గియోమ్ దుఫే, జోస్కాన్ దె ప్రే, పాలెస్త్రీనా, తోమాస్ లూయిస్ దె విక్తోరియా, చివరికి 1610లో మోంతెవెర్ది దాకా స్వరకర్తలందరూ దీని మీద కూర్పులు చేశారు. ఒక్క వరుస నేర్చుకుంటే రెండు శతాబ్దాల సంగీతం చేతికొస్తుంది.

పండుగను బట్టి ఎంచుకోవాలనుకుంటే క్రిస్మస్‌కు ముందరి ఆగమన కాలానికి ‘కోందితోర్ ఆల్మే సీదెరుమ్’, శ్రమల కాలానికి 6వ శతాబ్దపు వెనాంతియుస్ ఫోర్తునాతుస్ రాసిన ‘వెక్సిల్లా రేజిస్’, పెంతెకోస్తుకు ‘వేనీ క్రెయాతోర్ స్పీరితుస్’, దివ్య సత్ప్రసాద పండుగకు థామస్ అక్వినాస్ రాసిన ‘పాంజే లింగ్వా గ్లోరియోసి’ ఉన్నాయి. ఈ చివరి గీతంలోని ఆఖరి రెండు చరణాలే ‘తాంతుమ్ ఎర్గో’. రెండవ వాటికన్ మహాసభ (1962–65) తరువాత కతోలిక ఆరాధన తెలుగులోకి వచ్చింది గనుక, అంతకుముందు తరం కతోలికుల చెవుల్లో ఈ రెండు చరణాలు ఇంకా మిగిలి ఉండవచ్చు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే పాడించుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. 1632లో పోప్ ఎనిమిదవ అర్బన్ హయాంలో స్తుతిగీతాలను ప్రాచీన లాటిన్ ఛందోనియమాలకు అనుగుణంగా దిద్దారు. ‘కోందితోర్ ఆల్మే సీదెరుమ్’ అప్పుడే ‘క్రెయాతోర్ ఆల్మే సీదెరుమ్’ అయింది. దుఫే, విక్తోరియా, పాలెస్త్రీనా అంతకుముందు వారు కాబట్టి వారి కూర్పుల్లో ఉన్నది పాత పాఠమే. తరువాతి ప్రార్థన పుస్తకంలోంచి మాటలు తెచ్చి పాత స్వరాల కింద పెడితే అక్షరాలు తిన్నగా కూర్చోవు. కూర్పు కింద అచ్చయిన మాటల్నే పాడాలి.

రెండవ మెట్టు: అర్థం, ఉచ్చారణ

అర్థం తెలియకుండా పాడితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలియదు. క్లుప్తంగా ఏడు చరణాల సారం ఇది. సముద్ర తారకా, దేవుని తల్లీ, నిత్య కన్యా, స్వర్గ ద్వారమా, నీకు వందనం. గాబ్రియేలు నోట ‘ఆవే’ అన్న పలుకు అందుకున్నదానా, ఏవ పేరును మార్చి మమ్మల్ని శాంతిలో నిలుపు (లాటిన్‌లో ‘ఏవా’ను తిరగేస్తే ‘ఆవే’, రెండో చరణం కీలకమంతా అందులోనే ఉంది). దోషుల కట్లు విప్పు, అంధులకు వెలుగునివ్వు. నీవు తల్లివని చూపు, మాకోసం పుట్టినవాడు నీ ద్వారా మా మొర వినుగాక. సాటిలేని కన్యా, మమ్మల్ని సాధువులుగా, నిర్మలులుగా చెయ్యి. పవిత్ర జీవితం, క్షేమమైన ప్రయాణం ప్రసాదించు. తండ్రికి, క్రీస్తుకు, పవిత్రాత్మకు, ముగ్గురికీ ఒకే మహిమ.

రోమ్ తరహా ఉచ్చారణ నేర్చుకోవడం సులువు. ఆనాడు ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండ్‌లలో లాటిన్‌ను ఎవరి యాసలో వారు పలికేవారు. కొన్ని బృందాలు ఇప్పుడు దాన్నీ తిరిగి తెస్తున్నాయి. మొదట్లో మనకు ఆ తంటా వద్దు. మొదటి రెండు చరణాలు తెలుగు లిపిలో:

ఆవే మారిస్ స్తెల్లా,
దేయీ మాతెర్ ఆల్మా,
ఆత్‌క్వే సెంపెర్ వీర్గో,
ఫేలిక్స్ చేలీ పోర్తా.

సూమెన్స్ ఇల్లుద్ ఆవే
గబ్రియేలిస్ ఓరే,
ఫూందా నోస్ ఇన్ పాచే,
మూతాన్స్ ఏవే నోమెన్.

తెలుగువారికి ఇందులో పుట్టుకతో వచ్చిన వసతి ఒకటుంది. ఆ, ఎ, ఇ, ఒ, ఉ స్వచ్ఛంగా పలకడానికి ఇంగ్లిష్ గాయకులు నానా అవస్థలు పడతారు, మనకది సహజం. ‘స్తెల్లా’లో ద్విత్వం కూడా మన నోటికి పట్టుబడినదే. తకారం మాత్రం తకారంగానే ఉండాలి. ఇంగ్లిష్ అలవాటుతో ‘స్టెల్లా’, ‘పోర్టా’, ‘మాటెర్’ అని రాసుకున్న కాగితం కనిపిస్తే వెంటనే దిద్దేయండి.

మన ఇబ్బంది మాట చివర ఉంది. తెలుగు మాట అచ్చుతో ముగియాలని కోరుతుంది. ‘సెంపెర్’ను ‘సెంపెరు’ అనో, ‘మారిస్’ను ‘మారిసు’ అనో ముగించాలని నోరు తొందరపడుతుంది. నలుగురు పాడేటప్పుడు ఆ చిన్న ఉకారం ఒక అదనపు అక్షరంగా వినిపించి తాళాన్ని చెడగొడుతుంది. చివరి హల్లును అందరూ ఒకే క్షణంలో వదలాలి. సకారమైతే మరీ జాగ్రత్త, ఒకరు ముందు ఒకరు వెనుక అంటే పాము బుసలా వినిపిస్తుంది. ‘వీర్గో’లో వకారానికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి, మన వకారం కన్నా కాస్త గట్టిగా. ఎ, ఇ ధ్వనుల ముందు ‘సి’ అక్షరం చకారం (పాచే, చేలీ), ‘జి’ అక్షరం జకారం (రేజిస్) అవుతాయి. మొదట్లో ఉన్న హకారం పలకదు, అందుకే ‘హేవే’ అని రాసి ఉన్నా ‘ఏవే’ అంటాం.

నాలుగో చరణం మొదటి పాదం దగ్గర ఆగి చూడండి: ‘మోన్‌స్త్రా తే ఎస్సే మాత్రెమ్’. లెక్కపెడితే ఏడు అక్షరాలొస్తాయి, ఉండాల్సినవి ఆరు. ‘తే ఎస్సే’ కలిసి ‘తెస్సే’ కావాలి, మన సంధి లాంటిదే. కొన్ని స్వరలిపుల్లో కలిపి ఇస్తారు, కొన్నింటిలో అదనపు స్వరం వేసి విడిగా ఇస్తారు. ఏది పాడినా బృందమంతా ముందే ఒప్పుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

మూడవ మెట్టు: మూల వరుస

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ మెట్టుకే. ఒంటరిగా వినేవారికి కూడా ఇందులో మినహాయింపు లేదు.

మూల వరుస గ్రెగోరియన్ గానం. ఒకే గొంతు వరుస, వాద్యం లేదు, తాళం లేదు, మాటల నడకే నడక. నాలుగు గీతల మీద చదరపు స్వరాలతో రాసిన ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఐదు గీతల మీదికి మార్చినదీ దొరుకుతుంది. ఒకే పాఠానికి ఒకటికి మించి వరుసలు ఉండవచ్చు కాబట్టి, చర్చి గానపు స్వరక్రమాల్లో మొదటి మోడ్‌లో, అంటే డోరియన్‌లో, ఉన్న ప్రసిద్ధమైన వరుసనే తీసుకోండి. గుర్తుపట్టడం తేలిక: మొదటి రెండు అక్షరాల్లోనే షడ్జమం నుంచి పంచమానికి ఒక్క దూకు, ఆ వెంటనే ధైవతాన్ని తాకుతుంది. స, ప, ద. ఆ దూకు ఒక్కసారి చెవిలో నాటుకుంటే చాలు, తరువాత ఏ కూర్పులో ఎక్కడ వచ్చినా మీరే పట్టేస్తారు.

డోరియన్ స్వరాలు ఖరహరప్రియ స్వరాలే. ఫ్రిజియన్‌వి హనుమతోడివి, మిక్సోలిడియన్‌వి హరికాంభోజివి. ఈ పోలిక స్వరస్థానాల వరకే పనికొస్తుంది. రాగానికి ఉన్న జీవస్వరాలు, గమకాలు, ప్రత్యేక సంచారాలు ఇక్కడ వెతకకూడదు. ఈ మోడ్‌ను గుర్తించేది ముగింపు స్వరం, వరుస ఎక్కువగా ఆనుకునే మరో స్వరం, తిరిగే పరిధి. గాంధార నిషాదాలను ఊపడం అలవాటైన గొంతులు ఇక్కడ వాటిని నిటారుగా నిలపాలి. ఊపితే ఒంటరిగా పాడేటప్పుడు అందంగానే ఉండొచ్చు, నాలుగు గొంతులు కలిసినప్పుడు పొందిక చెదిరిపోతుంది.

సాధన ఇలా చేయండి. తంబూరా యాప్‌లో సౌకర్యమైన శ్రుతి పెట్టుకోండి. ఆనాటి స్వరలిపి నేటిలా స్థిరమైన శ్రుతిని సూచించదు, గొంతులకు ఎక్కడ కుదిరితే అక్కడ పాడేవారు, కాబట్టి ఫలానా శ్రుతిలోనే పాడాలన్న పట్టుదల అక్కర్లేదు. మొదట మాటల్ని పద్యం చదివినట్టు చదవండి. తరువాత వరుసను ఒకే అచ్చు మీద, ‘నూ’ అంటూ పాడండి. ఆ తరువాతే మాటలు కలపండి. చరణంలో రెండో పాదం చివర కాస్త నిలవండి, ఒకటి, మూడు పాదాల చివర ఊపిరి మాత్రం తీసుకోండి. ఏడు చరణాలూ పుస్తకం చూడకుండా వరుస తప్పక వచ్చేదాకా నాలుగో మెట్టు ఎక్కవద్దు.

సంగీతం నేర్పే పద్ధతికే ఒక స్తుతిగీతం మూలం కావడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. 11వ శతాబ్దంలో ఇటలీలోని ఆరెట్సోకు చెందిన గ్విదో, బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ గీతం ‘ఉత్ క్వేయాంత్ లాక్సిస్’లో ఆరు పాదభాగాలు ఒక్కొక్కటి ఒక్కో మెట్టు పైన మొదలవడం చూసి, వాటి తొలి అక్షరాలనే ఉత్, రే, మీ, ఫా, సోల్, లా అని పేర్లు పెట్టాడు. పశ్చిమ సంగీతపు సరిగమలు అలా పుట్టాయి.

నాలుగవ మెట్టు: దుఫే మూడు గొంతులు

బహుస్వర గానంలో మొదటి అడుగుగా దుఫే (సుమారు 1397–1474) కన్నా మంచి గురువు దొరకడు. పోప్ గానమందిరంలో పనిచేసిన ఈయన ఏడాది పొడవునా పండుగలకు స్తుతిగీతాల వరుసనే కూర్చాడు. ఆయన ‘ఆవే మారిస్ స్తెల్లా’లో పై గొంతు మూల వరుసనే కాస్త అలంకరించి, మూడు మాత్రల నడకలో పాడుతుంది. కింది గొంతు, అంటే టెనార్, విడిగా రాసి ఉంటుంది. మధ్య గొంతుకు అసలు స్వరలిపే లేదు, ‘ఫోబుర్దోన్’ అన్న సూచన ఉంటుంది. దాని అర్థం: పై గొంతునే అనుసరిస్తూ నాలుగు స్వరాల కింద పాడు. పైవాడు షడ్జమంలో ఉంటే మధ్యవాడు కింది పంచమంలో ఉంటాడు. మధ్య భాగం పాడేవారు కొత్తగా కంఠస్థం చేయాల్సింది ఏమీ లేదన్నమాట. మూల వరుస వచ్చినవారికి ఇది బహుమానం.

ముందు పై గొంతు, కింది గొంతు ఇద్దరే పాడుకోండి. రెండింటి మధ్య ఎక్కువచోట్ల ఆరు స్వరాల ఎడం, పాదం ముగిసేచోట అది ఎనిమిదికి, అంటే మేళవించిన షడ్జమాలకు, విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడం ఇద్దరికీ అలవాటయ్యాక మధ్య గొంతును చేర్చండి. చివరి శబ్దంలో గాంధారం ఉండదు, సా, పా, పై సా మాత్రమే. నేటి చెవికి కాస్త బోలుగా అనిపించినా అందులో స్వరం చేర్చి నింపాలని చూడకండి.

ముగింపుకు ముందు ఒక విచిత్రం ఉంది. పై గొంతు షడ్జమానికి చేరేముందు కాకలి నిషాదం పాడుతుంది, అదే క్షణంలో మధ్య గొంతు పంచమానికి చేరేముందు ప్రతి మధ్యమం పాడుతుంది. రెండు స్వరాలూ ఒకేసారి అరమెట్టు పైకెక్కుతాయి. ఖరహరప్రియలో లేని ఈ రెండు స్వరాలూ పాత ప్రతిలో చాలాసార్లు రాసి ఉండవు, గాయకుడికి తెలుసునన్న నమ్మకంతో వదిలేసేవారు. నేటి సంపాదకులు వాటిని స్వరం పైన చిన్న గుర్తుగా వేస్తారు. స్వరం ముందు ఉన్న గుర్తు మూల ప్రతిలోది, పైన ఉన్నది సంపాదకుడి సలహా. సలహాను పాటించకుండా ఒకసారి, పాటించి ఒకసారి పాడి చూడండి. తేడా తెలిశాక మీరే తేల్చుకోండి, కానీ బృందమంతా ఒకే నిర్ణయం మీద ఉండాలి.

ఐదవ మెట్టు: విక్తోరియా నాలుగు గొంతులు

స్పెయిన్‌లోని ఆవిలాకు చెందిన విక్తోరియా (1548–1611) రోమ్‌లో ఉండగా 1581లో ఏడాదికి సరిపడా స్తుతిగీతాల సంపుటి అచ్చు వేయించాడు. పాలెస్త్రీనా సంపుటి 1589లో వచ్చింది. వెనిస్‌లో ఆడ్రియన్ విల్లార్ట్ సంపుటి ఇంకా ముందే, 1542లో వచ్చింది. ఇవన్నీ వెస్పర్స్ అవసరం కోసం పుట్టిన పుస్తకాలు. కచేరీ అన్న ఊహే ఆ అవసరంలో లేదు.

స్వరలిపి కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ, ఐఎంఎస్ఎల్‌పీ అనే రెండు వెబ్‌సైట్లలో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఒకే కూర్పుకు ఐదారు ప్రతులు కనిపిస్తే వీటిని చూసి ఎంచుకోండి: మూల ప్రతి ఏదో చెప్పిందా, ఏ శ్రుతికి మార్చారో చెప్పిందా, సంపాదకుడి గుర్తులు మూలం గుర్తుల నుంచి వేరుగా కనిపిస్తున్నాయా. ‘మెల్లగా’, ‘బిగ్గరగా’ వంటి సూచనలు నిండుగా ఉన్న ప్రతిని పక్కన పెట్టండి, అవేవీ 16వ శతాబ్దపువి కావు. శ్రుతి విషయంలో ఆల్టో గొంతును, అంటే పైనుంచి రెండోదాన్ని, ముందు చూడాలి. అప్పట్లో అది మగవారు పాడిన భాగం, స్త్రీలకు బాగా కిందికి పోతుంది. కాస్త పైకి మార్చిన ప్రతి దొరికితే మీ బృందానికి సుఖం.

ఇప్పుడు ఒక రంగు పెన్సిల్ తీసుకోండి. స్వరలిపిలో మూల వరుస స్వరాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీయండి. మొదటి చూపులో ఒకటి రెండే దొరుకుతాయి. వరుస సాగదీసి ఒక స్వరం రెండు మూడు మాత్రలు నిలవొచ్చు, మధ్యలో జారుడు స్వరాలు చేరొచ్చు, ఒక గొంతు మొదటి నాలుగు స్వరాలు పాడి వదిలేస్తే ఇంకో గొంతు అందుకోవచ్చు. మూడో మెట్టు సరిగ్గా ఎక్కినవారికే ఈ వేట సాధ్యం. గీతలన్నీ గీశాక బృందంలో ఎవరు ఎప్పుడు ముందుకు రావాలో, ఎవరు వెనక్కి తగ్గాలో కాగితం మీదే కనిపిస్తుంది. గీత ఉన్నవారు వినిపించాలి, లేనివారు వారిని మోయాలి. నా దృష్టిలో ఈ సంగీతంలో హెచ్చుతగ్గుల సూత్రం ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు.

గీతలు అసలు కుదరడం లేదంటే వరుసే వేరు కావచ్చు. విక్తోరియా ‘పాంజే లింగ్వా’ను రోమ్ వరుసతో ఒకసారి, స్పెయిన్ వరుసతో మరోసారి కూర్చాడు. రెండోదానికి ‘స్పెయిన్ సంప్రదాయం ప్రకారం’ అని శీర్షికలోనే ఉంటుంది. రోమ్ వరుస మాత్రమే నేర్చుకున్నవారు అందులో ఎంత వెతికినా అది దొరకదు.

నడక గురించి. అడ్డగీతలు ఆనాటి గాయకుల పుస్తకాల్లో లేవు, ఇప్పటి సంపాదకులు చదువుకోవడానికి వేసినవి. గీత తరువాతి మొదటి స్వరాన్ని తన్నినట్టు పాడితే పదం ఊనిక చచ్చిపోతుంది. ఊనిక లాటిన్ మాట ఎక్కడ కోరితే అక్కడే. వేగానికి ఆధారం తాక్తుస్ అనే చేతి కదలిక, కిందికి ఒకటి, పైకి ఒకటి. మిలాన్ సంగీత శాస్త్రజ్ఞుడు గఫూరియుస్ 1496లో ప్రశాంతంగా ఊపిరి తీసుకునే మనిషి నాడిని దీనికి కొలతగా చెప్పాడు. నిమిషానికి 60–70 మధ్య మొదలుపెట్టి, మీరు పాడే గదిని బట్టి మార్చుకోండి. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న చర్చిలో శబ్దం నిలుస్తుంది, అక్కడ తొందరపడితే స్వరాలు అలుక్కుపోతాయి. తివాచీ, తెరలు ఉన్న గదిలో అదే వేగం ఈడ్చినట్టు ఉంటుంది.

శ్రుతి శుద్ధి మరో విషయం. చాలా చర్చిల్లో హార్మోనియం లేదా కీబోర్డు పట్టుకుని భాగాలు నేర్పుతారు. స్వరాలు గుర్తుపెట్టుకునే వరకు ఫరవాలేదు, ఆ తరువాత మూసేయాలి. వాద్యంలోని అంతర గాంధారం సహజ గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ, అంటే అరమెట్టులో ఏడో వంతు. తంబూరా ముందు కూర్చుని గాంధారం నిలిపినవారికి ఆ తేడా చెవికి వెంటనే తగులుతుంది. విక్తోరియా ముగింపుల్లో గాంధారం వచ్చినప్పుడు దాన్ని కాస్త దించి నిలపండి, మిగతా గొంతులు తగాదా మాని కుదురుకుంటాయి. కర్ణాటక సంగీతం నేర్చినవారి అసలు పెట్టుబడి ఇదే.

ఆరవ మెట్టు: చరణాల పంపకం

స్తుతిగీతాన్ని మొత్తం బహుస్వరంగా పాడే పద్ధతి సాధారణంగా లేదు. ఒక చరణం మూల వరుసలో, తరువాతి చరణం బహుస్వరంలో, అలా మార్చిమార్చి పాడతారు. దుఫే, విక్తోరియా కూర్పుల్లో సరి సంఖ్య చరణాలకు బహుస్వరం ఉంటుంది. దుఫేలో ఒకే సంగీతం మూడుసార్లు తిరుగుతుంది, విక్తోరియాలో చరణానికో కొత్త కూర్పు. రికార్డింగులో ‘సూమెన్స్ ఇల్లుద్’ అని నేరుగా రెండో చరణంతో మొదలైతే ఆశ్చర్యపోకండి, మొదటి చరణాన్ని వదిలేశారన్నమాట.

మీ బృందానికి ఈ అమరిక వరం. స్వరలిపి చదవలేనివారు కూడా బేసి చరణాలు, అంటే ఒకటి, మూడు, ఐదు, ఏడు పాడవచ్చు. చదవగలిగిన నలుగురు రెండు, నాలుగు, ఆరు పాడతారు. ఇరుపక్షాలూ వేర్వేరు చోట్ల నిలబడితే మరీ బాగుంటుంది. చరణానికి, చరణానికి మధ్య శ్రుతి మళ్ళీ ఇవ్వకండి. అవతలివారి చివరి స్వరం నుంచే అందుకోవాలి. శ్రుతి జారితే అక్కడే బయటపడుతుంది, దాచుకునే వీలుండదు. నలుగురు దొరక్కపోతే ఆ చరణాలను వాద్యానికి అప్పగించవచ్చు. అంధుడైన స్పెయిన్ విద్వాంసుడు ఆంతోనియో దె కబెసోన్ (1510–1566) ఇలాంటి గీతాలకు కీబోర్డు కూర్పులు చేశాడు. ఆయన మరణించాక కుమారుడు వాటిని 1578లో అచ్చు వేయించాడు.

మొదటి ప్రదర్శనకు అన్ని చరణాలూ పెట్టుకోనక్కర్లేదు. ఒకటి, రెండు, ఏడు చాలు. రెండోదానికి దుఫే సరిపోతుంది. విక్తోరియా పూర్తిగా పట్టుబడ్డాక ఏడింటికీ వెళ్ళండి.

తరువాత ఎటు

ఇక్కడి నుంచి జోస్కాన్ ‘మిస్సా ఆవే మారిస్ స్తెల్లా’కు వెళ్ళండి. వెనిస్‌లో పెత్రుచ్చి 1505లో అచ్చువేసిన జోస్కాన్ మిస్సాల రెండో సంపుటిలో ఉంది. మిస్సా మొదటి భాగమైన ‘కీరియే’ మొదలవగానే ఆ స–ప దూకు ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు చేరుతుంది. మాటలు పూర్తిగా వేరు, గీతంలోని ఒక్క పదమూ ఉండదు, అయినా వరుస పలకరిస్తుంది. తరువాత ఆయనదే ‘మిస్సా పాంజే లింగ్వా’. అది వినేముందు మాత్రం ‘పాంజే లింగ్వా’ వరుసతో మూడో మెట్టు మళ్ళీ ఎక్కాలి. ద టాలిస్ స్కాలర్స్ బృందం చేసిన దాని రికార్డింగుకు 1987లో గ్రామఫోన్ పత్రిక ఆ ఏటి ఉత్తమ రికార్డు పురస్కారం ఇచ్చింది. వెతికి వినదగినది. మోంతెవెర్ది 1610 వెస్పర్స్‌లో ఈ గీతపు మొదటి, చివరి చరణాలకు ఎనిమిది గొంతులున్నాయి, మధ్య చరణాల నడుమ వాద్యాల ఆవృత్తి వస్తుంది. అప్పటికి యుగం మారుతోంది, వరుస మాత్రం అదే.

మూల వరుసను బొత్తిగా వాడని స్తుతిగీతం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండ్‌కు వెళ్ళాలి. థామస్ టాలిస్ ‘ఓ నాతా లూక్స్ దే లూమినే’ 1575లో ఆయనా, విలియమ్ బర్డ్ కలిసి అచ్చువేసిన సంపుటిలో ఉంది. దివ్యరూప ధారణ పండుగ గీతంలోని మొదటి రెండు చరణాలకే సంగీతం. ఐదు గొంతులు దాదాపు ఒకేసారి మాట పలుకుతాయి కాబట్టి ప్రతి పదం స్పష్టంగా వినిపిస్తుంది, నిడివి రెండు నిమిషాల చిల్లర. ఇందులో రంగు పెన్సిల్‌కు పని లేదు, చెవికే పని. చివరి ముగింపులో ఒక గొంతు కాకలి నిషాదం పాడుతుంటే అదే క్షణంలో మరో గొంతు కైశికి నిషాదం పాడుతుంది. రెండూ కొట్టుకుంటాయి. సాధనలో ఆ ఇద్దరిలో ఒకరు తమదే తప్పనుకుని స్వరం మార్చేసుకుంటారు. మార్చకూడదు. ఆ ఇద్దరినీ పక్కకు పిలిచి, మిగతావారు లేకుండా ఆ ఒక్క ఘర్షణనే మెల్లగా పాడించండి. ఇద్దరూ తమ స్వరం మీద కదలకుండా నిలబడగలిగాకే మిగతా ముగ్గురినీ చేర్చండి.